చెరకు సీమ నుంచి ఉదోన్ సీమకు

చలికాలం వచ్చిందని తెలుసుకోవడానికి ఒకప్పుడు బోధన్ వారికి క్యాలెండరుతో పని ఉండేది కాదు. షక్కర్‌నగర్ వైపు నుంచి గాలి మళ్లితే చాలు, ఉడుకుతున్న చెరకు రసం వాసన ఊరంతా అలముకునేది. ఆరవేసిన దుప్పట్లకు, పిల్లల జుట్టుకు, చివరికి మసీదు చాపలకు కూడా ఆ వాసన పట్టేది. మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం ఈ నేలకు చెరకును ఇచ్చింది. దానిని రూపొందించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహాదూర్. ఆ కాలువల నీటిని నమ్ముకుని 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. దాని చుట్టూ క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, మసీదు వెలిశాయి. ఒక ఊరికి పంచదార పేరే స్థిరపడింది. 2002లో ఆ ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతబడింది. ఆ తర్వాతి చలికాలాలు మాకు వాసన లేని చలికాలాలు.

చెరకు సీమలో పుట్టిన వారికి ఒక విషయం చిన్నప్పుడే తెలుస్తుంది. చెరకు రసం నుంచి పంచదార వస్తుంది. పంచదార తీయగా మిగిలిన నల్లని మడ్డి కొంత పశువుల దాణాకు, చాలా మట్టుకు స్పిరిట్ బట్టీలకు పోతుంది. ఫ్యాక్టరీలో పనిచేసిన మా అబ్బా పంచదార బస్తాను చూపించి, "ఇది మన షీర్‌ఖుర్మాలోకి" అనేవారు. మడ్డి నింపుకుని పోతున్న ట్యాంకరును చూపించి, "అది ఎక్కడికి పోతుందో అడగాలి" అనేవారు. ఆ మాట విని నవ్వుకునేవాళ్లం. చాలా సంవత్సరాల తర్వాత, ఈ నేలకు ఎంతో దూరంలో, ఒక సేమ్యా గిన్నె ముందు కూర్చున్నప్పుడు అది గుర్తుకు వచ్చింది.

మా అమ్మాయి, అల్లుడు జపానులోని ఒసాకా నగరంలో ఉంటారు. అల్లుడు యంత్రాల కంపెనీలో ఇంజనీరు. గత డిసెంబరులో నేను, మావారు వారి ఇంటికి వెళ్లాము. మా జిల్లాలో గల్ఫ్‌కు వెళ్లని ఇల్లు అరుదు. ఎడారి దేశాల సంగతులు మాకు కొట్టిన పిండే. జపాను మాత్రం కొత్త. "అక్కడ ఏం తింటారు?" అన్నది బంధువులందరి మొదటి ప్రశ్న. "ఏం తినవచ్చు?" అన్నది నా ప్రశ్న.

ఆ దేశంలో ముస్లిములు కొత్తవారేమీ కారు. ఒసాకాకు పొరుగున ఉన్న కోబె నగరంలో 1935లోనే మసీదు తెరుచుకుంది. దాని నిర్మాణానికి విరాళాలు ఇచ్చిన వారిలో భారతీయ వర్తకులు కూడా ఉన్నారు. రెండవ ప్రపంచ యుద్ధపు బాంబు దాడులను, 1995 నాటి భూకంపాన్ని తట్టుకుని అది నిలిచింది. మేము మొదటి జుమా అక్కడే చేశాము. ప్రపంచంలోని అన్ని రంగుల మనుషులు ఒకే వరుసలో ఉన్నారు. హలాల్ మాంసం, మసాలాలు అమ్మే దుకాణాలు కూడా దగ్గరలోనే ఉన్నాయి. ఇంట్లో వంటకు లోటు లేదు. సమస్య బయట తినడంతోనే. మూడేళ్లుగా అక్కడే ఉంటున్నా మా మనవడు తన బడి స్నేహితులు ఇష్టంగా తినే ఉదోన్‌ను దుకాణంలో కూర్చుని తినలేదు. వాడికి అది ఒక కోరికగా మిగిలిపోయింది. దానికి అసలు పుట్టినిల్లయిన కగావా ప్రాంతానికే తీసుకువెళ్దామని అల్లుడు అన్నాడు.

ఒసాకా నుంచి ఒకాయమా వరకు బుల్లెట్ రైలు, అక్కడి నుంచి సముద్రం దాటించే మరో రైలు. 1988లో తెరుచుకున్న సెతో మహాసేతువు మీదుగా ప్రయాణం. పైన మోటారు వాహనాలు, కింద రైళ్లు. ఇనుప దూలాల సందులోంచి చిన్న చిన్న ద్వీపాలు, వాటి మధ్య పడవలు కనిపిస్తాయి. అవతలి ఒడ్డే కగావా. పాత పేరు సానుకి. జపానులోని నలభై ఏడు ప్రాంతాలలో వైశాల్యాన్ని బట్టి అన్నిటికంటే చిన్నది. మన ఇప్పటి నిజామాబాదు జిల్లాలో సగం కూడా ఉండదు.

రైలు దిగి కారులో లోపలికి వెళ్తుంటే మావారు, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. చదునైన పొలాల మధ్య విడివిడిగా లేచిన గుట్టలు, ప్రతి మలుపులోనూ చెరువు. ఈ సీమలో పన్నెండు వేలకు పైగా సాగునీటి చెరువులు ఉన్నాయట. ఇక్కడ ఏడాదికి కురిసేది దాదాపు 1100 మిల్లీమీటర్లు. జపాను లెక్కలో ఇది కరువు ప్రాంతం. మన జిల్లా వారికి మాత్రం అది మంచి ఏడాది! పెద్ద నదులు లేవు కనుక వాన నీటిని నిలబెట్టుకోవడమే వారి బతుకు. వాటిలో పెద్దదైన మన్నో చెరువు ఎనిమిదవ శతాబ్దపు తొలి రోజుల నాటిది. తెగిపోయిన దాని కట్టను 821లో కూకాయ్ అనే బౌద్ధ భిక్షువు తిరిగి కట్టించాడని చరిత్ర. ఆయనే చీనా దేశం నుంచి ఉదోన్ తయారీని తెచ్చాడని జనం చెప్పుకుంటారు. ఇది చరిత్ర కాదు, కథ. చెరువు కట్టినవాడే అన్నం పెట్టినవాడు అని జనం అనుకోవడం మాకు వింతగా తోచలేదు. నిజాంసాగర్ కింద పెరిగిన వాళ్లం కదా.

వరి కోసిన మళ్లలో గోధుమ మొలకలు పచ్చగా లేచి ఉన్నాయి. వానాకాలం వరి, చలికాలం గోధుమ. సముద్ర తీరంలో ఒకప్పుడు ఉప్పు మళ్లు ఉండేవి. గోధుమ, ఉప్పు, నీరు. ఉదోన్‌కు కావలసినవి ఈ మూడే. అయితే ఇప్పుడు అక్కడి దుకాణాలలో వాడే పిండిలో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా గోధుమదని అల్లుడు చెప్పాడు. మా ఇళ్లలో పంచదార ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నట్లే అనుకున్నాను.

ఇక ఉదోన్ గురించి. మైదాలాంటి గోధుమ పిండిని ఉప్పు నీటితో గట్టిగా కలుపుతారు. ఆ ముద్దను గుడ్డలోనో మందపాటి సంచిలోనో చుట్టి, కాళ్లతో తొక్కుతారు. చేతి బలం ఆ పిండికి చాలదు. తర్వాత కొంతసేపు నానబెట్టి, కర్రతో పలచగా ఒత్తి, మడిచి, పెద్ద కత్తితో చిటికెన వేలిలో సగం మందాన కోస్తారు. మరుగుతున్న నీటిలో పది పన్నెండు నిమిషాలు ఉడికించి, చన్నీళ్లలో కడుగుతారు. అలా కడగడంతో పైన నునుపు, లోపల సాగే గుణం వస్తాయి. మన సేమ్యా నోట్లో కరుగుతుంది. ఉదోన్ ఎదురు తిరుగుతుంది.

తకమత్సు నగరానికి కాస్త దూరంగా, పొలాల నడుమ ఉన్న ఒక దుకాణానికి పదకొండు గంటలకు చేరాము. అక్కడి దుకాణాలు చాలా మట్టుకు పొద్దున్నే తెరిచి, మధ్యాహ్నం రెండు గంటలలోపు మూసేస్తాయి. ఆ రోజుకు కలిపిన పిండి అయిపోతే అంతకన్నా ముందే. బయట వరుస. రైతులు, లారీ డ్రైవర్లు, కోటు వేసుకున్న ఆఫీసరు, చంటిబిడ్డతో తల్లి. ఎవరికి వారే పళ్లెం తీసుకుని, ఎన్ని ఉండలు కావాలో చెప్పాలి. ఒక ఉండ అంటే ఒక గిన్నెకు సరిపడే సేమ్యా చుట్ట. దానిని జల్లెడ గరిటెలో పెట్టుకుని వేడి నీటిలో ముంచి తీసుకోవడం, కుళాయి తిప్పి రసం పట్టుకోవడం, ఉల్లికాడల తరుగు, తురిమిన అల్లం వేసుకోవడం అంతా మన పనే. మూడు నాలుగు వందల యెన్‌లలో భోజనం ముగుస్తుంది. ఆ నగరాల ధరలతో పోలిస్తే ఇది మన ఊరి టీ, ఉస్మానియా బిస్కట్టు లెక్క. గొప్పవాడికి వేరే బల్ల లేదు. పక్కపక్కనే కూర్చుని తింటున్నారు.

తింటున్న చప్పుడు గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. అందరూ జుర్రుమని పీల్చుకుంటూ తింటారు. అక్కడ అది మర్యాద తక్కువ కాదు. కగావా వారైతే నమలకుండా గొంతులోంచి జారనిస్తేనే రుచి అంటారట. చిన్నప్పుడు దస్తర్‌ఖాన్ దగ్గర చప్పుడు చేస్తే మా అమ్మీ మోచేతితో పొడిచేది. ఆ పొడుపు ఇంకా ఒంటికి గుర్తున్నట్లుంది. నేను మాత్రం చివరి దాకా నిశ్శబ్దంగానే తిన్నాను.

కానీ అప్పటికి ఇంకా తినలేదు. వరుసలోనే ఉన్నాము. ప్రశ్న అంతా ఆ కుళాయిలోని రసం గురించే.

ఆ రసాన్ని దాషి అంటారు. సానుకిలో దానికి ప్రాణం ఇరికో, అంటే ఎండబెట్టిన చిన్న చేపలు. సెతో సముద్రంలో పట్టి, తీరంలోనే ఉడికించి ఆరబెట్టినవి. దానికి కొంబు అనే సముద్రపు పాచి ఆకు, కొన్ని చోట్ల పొగలో ఆరిన చేప తరుగు తోడవుతాయి. ఇంతవరకు మనకు అభ్యంతరం లేదు. చేపకు జబహా అక్కరలేదు. అయితే ఆ నీటిలో సోయా పులుసు కలుపుతారు. దానితో పాటు మిరిన్. మిరిన్ అంటే జిగట బియ్యం నుంచి తయారయ్యే తియ్యని సారా. అసలైన మిరిన్‌లో దాదాపు 14 శాతం మద్యం ఉంటుంది. వంటలో తీపికి, మెరుపుకు వేస్తారు. జపాను వారి దృష్టిలో అది తాగేది కాదు, దినుసు. మన ఇంట్లో ఉప్పు, చింతపండు ఎలాగో వారికి అది అలాగ. ఉడికితే మద్యం ఎగిరిపోతుంది కదా అని మనవారే కొందరు అంటారు. కొంత ఎగిరిపోతుంది, కొంత నిలుస్తుంది. ఎంత పోయినా, తెలిసి గిన్నెలో పోసుకోవడం వేరే సంగతి.

బియ్యం మీద కోపం రావడానికి లేదు. అదే బియ్యం అన్నమై వస్తే తింటున్నాము. అబ్బా చూపించిన మడ్డి ట్యాంకరు ఇక్కడ కుళాయి రూపంలో ఎదురైంది.

అల్లుడు అడిగే మాటను మనవడు ముందే బట్టీపట్టి ఉంచాడు: "మిరిన్ హైత్తె ఇమాస్ కా?" మిరిన్ కలిసిందా అని అర్థం. వెనక వరుస పొడవుగా ఉంది. ఆ సమయంలో అడగడానికి మాకు మొహమాటంగానే ఉంది. పెద్దాయన ఒకరు పిండి అంటిన చేతులతో బయటకు వచ్చారు. నా తలపై ఉన్న దుపట్టాను, మావారి గడ్డాన్ని ఒకసారి చూశారు. విసుగుకోలేదు. "కలిసింది" అని ఒకే మాట చెప్పారు. తర్వాత లోపలికి వెళ్లి, సోయా పులుసు సీసాను, వంట నూనె డబ్బాను తెచ్చి బల్లపై పెట్టారు. సోయా పులుసులో వేరే సారా కలపలేదు, కానీ రసంలో మిరిన్ ఉంది. వేపుడు నూనె మొక్కల నూనే, కానీ కోడిమాంసం కూడా అందులోనే వేయిస్తారు. చేప పిండితో చేసిన గొట్టం వేపుడులోనూ మిరిన్ ఉండవచ్చు. ఇవన్నీ ఆయనే వరుసగా చెప్పారు. మేము అడగని సంగతి కూడా చెప్పారు. అల్లుడు అనువదిస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. అబద్ధం చెప్పి నాలుగు గిన్నెలు అమ్ముకోవడం ఆయనకు ఎంత తేలిక!

ఆయనే దారి కూడా చూపించారు. రసం లేని ఉదోన్ ఉంది. కడిగిన సేమ్యాను గిన్నెలో పెట్టి, పైన సోయా పులుసు నాలుగు చుక్కలు, సుదాచి అనే పచ్చని చిన్న నిమ్మకాయ రసం, తురిమిన అల్లం, ఉల్లికాడలు. సేమ్యాలో ఉన్నది పిండి, ఉప్పు, నీరు మాత్రమే.

సోయా పులుసు దగ్గర మా ఇంట్లోనే రెండు అభిప్రాయాలు వచ్చాయి. సోయాబీన్, గోధుమలను నెలల తరబడి పులియబెట్టినప్పుడు అందులో సహజంగానే కొద్దిపాటి మద్యాంశం పుడుతుంది. అది మత్తు కలిగించేది కాదు, మద్యంగా తయారైనదీ కాదు కనుక అభ్యంతరం లేదని చెప్పే ఉలమాలు ఉన్నారు. దూరంగా ఉండటమే మేలని చెప్పేవారూ ఉన్నారు. అల్లుడు మొదటి మాటపై ఉన్నాడు, మావారు రెండవ మాటపై. హలాల్ స్పష్టం, హరామ్ స్పష్టం, మధ్యలో అందరికీ తెలియని సంగతులు ఉన్నాయన్న హదీసు భావాన్ని ఇద్దరూ తమ తమ వైపు నుంచి గుర్తు చేసుకున్నారు. వాదన పెరగలేదు. అల్లుడు చుక్కలు వేసుకున్నాడు. మావారు, నేను ఉప్పు, సుదాచి, అల్లంతో తిన్నాము. మనవడు ఎవరి పక్షం వహించాలో తెలియక ఒక ఉండ తండ్రిలా, ఒక ఉండ తాతలా తిన్నాడు.

రుచి? చల్లని సేమ్యా, పుల్లని నిమ్మ, ఘాటైన అల్లం. మన నాలుకకు మొదట ఇది పత్యం కూడులా తోస్తుంది. మూడవ ముద్దకు గోధుమ రుచి తెలుస్తుంది. నిజంగా గోధుమకే ఒక రుచి ఉందని, మసాలా తీసేసిన తర్వాత గాని మాకు తెలియలేదు. బాగారా అన్నం, దాల్చా దొరికే చోట దీనిని వెతుక్కుంటూ పోతానా అంటే పోను. కాని ఆ మధ్యాహ్నం రెండవ ఉండ అడిగి పెట్టించుకున్న మాట నిజం.

ఆ దుకాణం సంగతి మాకు చెప్పింది తడోత్సు పట్టణంలో కలిసిన ఒక ఇండోనేషియా యువకుడు. కగావాలోని కర్మాగారాలలో, పడవల తయారీ కేంద్రాలలో ఇండోనేషియా నుంచి వచ్చిన యువకులు పనిచేస్తున్నారు. తమ సంపాదనలోంచి, విరాళాల నుంచి కూడబెట్టి తడోత్సులో మసీదు ఏర్పాటు చేసుకున్నారు. ఎక్కడ రసం లేని ఉదోన్ దొరుకుతుందో, ఎవరు విసుగుకోకుండా జవాబు చెబుతారో వారికి తెలుసు. మా వైపు నుంచి దమ్మామ్‌కో దుబాయ్‌కో మొదటిసారి వెళ్లిన పిల్లలకు పాత వాళ్లు ఏ మెస్‌లో తినాలో చెప్పినట్లే. ఆ యువకుడు జోహర్ నమాజు తర్వాత తల్లితో ఫోనులో మాట్లాడుతూ, "తిన్నాను అమ్మా, కడుపునిండా తిన్నాను" అంటున్నాడని అల్లుడు చెప్పాడు. ఆ మాటకు అనువాదం అవసరం లేకపోయింది.

కగావాకు చెందిన షోదోషిమా ద్వీపంలో మరో చిత్రం చూశాము. అక్కడ నాలుగు వందల ఏళ్లుగా సోమెన్ అనే సన్నని సేమ్యా చేస్తున్నారు. పిండిని కోయరు, నువ్వుల నూనె రాస్తూ రెండు కర్రల మధ్య సాగదీస్తారు. దారాలంత సన్నమయ్యాక ఎండలో తెరలా వేలాడదీస్తారు. రమజానుకు ముందు మా వాకిళ్లలో మంచానికి బిగించిన మిషను, దాని పిడి తిప్పే పిల్లలు, తాళ్లపై ఆరే సేవయ్యా గుర్తుకు వచ్చాయి. మా నానీ ఒక్కతే నలభై కుటుంబాలకు సరిపడా ఆరబెట్టేది. ఇప్పుడు మా వీధిలో ఆ మిషను ఉన్న ఇళ్లు రెండో మూడో. మిగిలిన వారందరం ప్యాకెట్టు కొంటున్నాము, నాతో సహా.

నన్ను ఆపేసింది మాత్రం ఆ సీమ తూర్పు కొస. హికెతా అనే పాత రేవు పట్టణం వైపు కారు తిరిగేసరికి ఆ వాసన తగిలింది. మావారు కిటికీ అద్దం దించారు. పదేళ్లుగా మేము పీల్చని వాసన. ఉడుకుతున్న చెరకు రసం.

ఒకనాడు సానుకి సీమ ఉప్పుకు, పత్తికి, పంచదారకు ప్రసిద్ధి. మూడు తెలుపులు అని పిలుచుకునేవారు. పద్దెనిమిదవ శతాబ్దం చివరి నాటికి ఇక్కడ చెరకు నుంచి తెల్లని చక్కెర తీయడం సాధించారు. వానలు తక్కువైన నేలలో బతికే సన్నని చెరకు, వెదురు కర్రలా ఉంటుంది. ఒసాకా బజారులో ఈ చక్కెరకు పెద్ద పేరు ఉండేది. పంతొమ్మిదవ శతాబ్దం రెండవ సగంలో విదేశీ చౌక పంచదార వచ్చి పడింది. తోటలు పోయాయి, గానుగలు ఆగాయి. ఇప్పుడు వేళ్లపై లెక్కించదగిన కుటుంబాలు మాత్రమే ఆ పని చేస్తున్నాయి. రసాన్ని కాచి, తేర్చి, మళ్లీ కాచి గడ్డ కట్టనిస్తారు. ఆ గోధుమ రంగు ముద్దను గుడ్డలో కట్టి, బరువైన రాళ్లు వేలాడే దూలం కింద ఒత్తుతారు. మడ్డి కారిపోతుంది. మిగిలిన ముద్దను పళ్లెంలో వేసి, కొద్దిగా నీరు చిలకరిస్తూ చేతులతో పిసుకుతారు. మళ్లీ ఒత్తుతారు, మళ్లీ పిసుకుతారు. చివరికి వెన్న రంగులో పిండిలాంటి చక్కెర మిగులుతుంది. దాని పేరు వసన్‌బోన్. నోట్లో వేసుకుంటే మంచులా కరిగి, చివరలో చెరకు వాసన వదిలి పోతుంది.

ఒక దుకాణంలో ఆ చక్కెరను చిన్న చెక్క అచ్చులలో పూవులుగా, ఆకులుగా ఒత్తి అమ్ముతున్నారు. మేము బోధన్ గురించి చెప్పాము. ఎంత పెద్ద కర్మాగారమో, ఎంతమందికి అన్నం పెట్టిందో చెప్పాము. దుకాణం నడిపే ఆవిడ అంతా విని, "ఇప్పుడు చెరకు ఎవరు వేస్తున్నారు?" అని అడిగింది. కొందరు వేస్తున్నారు, లారీలలో వేరే మిల్లులకు తోలుతున్నారు, ఎక్కువ మంది వరికి మళ్లారని మావారు చెప్పారు. "విత్తనం ఉంది కదా" అంది ఆవిడ. మావారు జవాబు చెప్పలేదు. అబ్బా పనిచేసిన ఆ పెద్ద చిమ్నీని, ఈ చిన్న చెక్క అచ్చును పక్కపక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదు. అది వేలాది కుటుంబాల కూలి, ఇది పండుగ మిఠాయి. ఫ్యాక్టరీ తిరిగి తెరవాలని అడిగేవారికి వసన్‌బోన్ కథ చెప్పి ఓదార్చడం నాకు ఇష్టం లేదు. అయినా ఆ పూవును సంచిలో కట్టించుకుని తెచ్చాను. మా షక్కర్‌నగర్ బంధువులు ఒక్కొక్కరు ఒక్క ముక్క నోట్లో వేసుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక మన నిజామాబాదు సంగతి. సాయంత్రమైతే బస్టాండు, నెహ్రూ పార్కు, బోధన్ రోడ్డు వైపు నూడుల్స్ బండ్ల ముందు పిల్లలు గుమిగూడుతారు. హలాల్ కోడి అని రాసి ఉంటే చాలు, మనం లోపలికి వెళ్లి కూర్చుంటాము. కోడి గురించి అడుగుతాము, సీసాల గురించి అడగము. ఆ బండిపై చిటికెడు చల్లే అజినమోటో కూడా ఉదోన్ రసానికి బంధువే. 1908లో టోక్యో ఆచార్యుడు ఇకెదా కికునాయె కొంబు పాచి రసంలోని రుచిని వెతికి పట్టి, దాని నుంచి ఆ ఉప్పును తీశాడు. మరుసటి ఏడాది అది బజారుకు వచ్చింది. నేడు దానిని చాలా దేశాలలో చెరకు మడ్డి వంటి వాటిని పులియబెట్టి తయారు చేస్తున్నారు. అంటే మళ్లీ మన చెరకే! ఆ పులియబెట్టే సూక్ష్మజీవులకు మేతగా వేసిన పదార్థం తయారీలో పంది నుంచి తీసిన ఎంజైము వాడారని తేలి, 2001లో ఇండోనేషియాలో ఆ కంపెనీ సరుకును బజారు నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. తర్వాత మేత మార్చి, మళ్లీ హలాల్ ధ్రువీకరణ పొందారు. అడిగేవారు ఉన్నందువల్లనే అది బయటపడింది.

మన దేశంలో పొట్లాలపై ఉండే పచ్చ చుక్క శాకాహారమని మాత్రమే చెబుతుంది, మద్యం సంగతి చెప్పదు. మన బండ్లపై వాడే చౌక సోయా సాసు చాలా మట్టుకు పులియబెట్టినది కాదు, సోయా పిండి సారం, మాడ్చిన చక్కెర రంగు, ఉప్పు కలిపినది. వినెగరు కూడా ఎక్కువగా కృత్రిమమైనదే. కనుక భయపడవలసినది తక్కువే కావచ్చు. కాని సీసా తిప్పి చూస్తే గాని అది తెలియదు. పెద్ద నగరాలలోని జపాను, చైనా రెస్టారెంట్లకు మన పిల్లలు వెళ్తున్నారు. అక్కడ అసలైన మిరిన్, బియ్యపు సారా వాడే అవకాశం ఉంది. హైదరాబాదులో చదువుకునే మేనకోడలికి నేను నేర్పినది అనుమానం కాదు, ఒక వాక్యం: "రసంలో ఏమేమి వేస్తారండీ?"

మొన్న ఆదివారం మనవడు ఇక్కడికి వచ్చినప్పుడు ఇంట్లోనే ఉదోన్ చేశాము. మైదాను ఉప్పునీటితో కలిపి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పైన శుభ్రమైన దుప్పటి పరిచి, వాడిని ఎక్కించి తొక్కించాము. బజారులో తెచ్చిన ఎండు చేపల తలలు తీసి, నీటిలో మరిగించి రసం చేశాను. ఇరికో అంత శుభ్రమైన వాసన రాలేదు. మావారు పక్కన చింతపండు పులుసు పెట్టుకుని తిన్నారు. మనవడు మాత్రం గిన్నె ఎత్తి, చివరి చుక్క దాకా చప్పుడు చేస్తూ తాగాడు.